ఉబుంటులో డెస్క్‌టాప్ క్రాష్ అవుతోందా? ఎన్విడియా డ్రైవర్ ఇలా మార్చండి

వీడియో చూస్తుంటే తెర ఉన్నచోటే ఆగిపోతుంది. లేదా తెరిచిన ఫైళ్లన్నీ మాయమై ఉన్నట్టుండి లాగిన్ తెర ప్రత్యక్షమవుతుంది. ఉబుంటు, లినక్స్ మింట్ వాడేవాళ్లలో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. చాలాసార్లు డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) మారిస్తే పోతుంది. అయితే తప్పు డ్రైవర్‌దో కాదో తేల్చుకోకుండా మార్చడం మొదలుపెడితే ఒక సమస్య కాస్తా రెండవుతుంది.

అందుకని మొదటి పని లాగ్ (సిస్టమ్ తనంతట తాను రాసుకునే చిట్టా) చూడటం. కింది కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, గీతలూ ఖాళీలూ ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. క్రాష్ అయ్యాక మెషీన్ మళ్లీ ఆన్ చేసి, అంతకుముందు బూట్ (మెషీన్ ఆన్ చేసి నడిపిన విడత) తాలూకు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లాగ్ తెరవండి:

జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1

షిఫ్ట్ పట్టుకుని జీ నొక్కితే లాగ్ చివరికి వెళ్తుంది. మనకు కావలసింది సాధారణంగా ఆ చివరి లైన్లలోనే ఉంటుంది. ‘ఎన్‌వీఆర్‌ఎం: ఎక్స్‌ఐడీ’ (ఎన్విడియా డ్రైవర్ లోపాన్ని నమోదు చేసే గుర్తు) అని కనిపిస్తే దాని వెంట ఉన్న అంకె చూడండి. 13 గానీ 31 గానీ అయితే తప్పు డ్రైవర్‌లోనో, అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి డ్రైవర్ మార్చి చూడటం దండగ కాదు. 79 అయితే కార్డు పీసీఐ బస్ (కార్డును మదర్‌బోర్డుతో కలిపే దారి) మీద నుంచే తెగిపోయిందని అర్థం. అలాంటప్పుడు ముందు పవర్ కేబుల్, పవర్ సప్లై, వేడి, స్లాట్‌లో కార్డు కూర్చున్న తీరు చూసుకోవాలి. ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే ర్యామ్ చాలలేదన్నమాట. లాగ్‌లో గ్రాఫిక్స్ ఊసే లేకుండా ఒక్క గ్నోమ్ షెల్ (ఉబుంటు డెస్క్‌టాప్‌ను నడిపే ప్రోగ్రామ్) మాత్రమే పడిపోతుంటే, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి ఒకరోజు వాడి చూడండి.

తర్వాత ఇప్పుడు ఏ డ్రైవర్ నడుస్తోందో చూడాలి:

ఎల్‌ఎస్‌పీసీఐ -కే

వీజీఏ అనో 3డీ అనో ఉన్న పరికరం కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను వెతకండి. అక్కడ ఐ915 (ఇంటెల్) గానీ ఏఎండీజీపీయూ గానీ ఉంటే మీరు విడిగా దించుకోవాల్సిన డ్రైవరంటూ లేదు. వాటి డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, మిగతా భాగం మెసా, లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీల్లో వస్తుంది. సిస్టమ్ మొత్తం అప్‌డేట్ చేసుకుంటే సరి. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వాడుతుంటే హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే) కెర్నల్‌కు మారితే కొత్త కార్డుల ఇబ్బందులు చాలా తగ్గుతాయి. నూవో (ఎన్విడియా కార్డులకు కెర్నల్‌తోనే వచ్చే ఓపెన్ సోర్స్ డ్రైవర్) అనో ఎన్విడియా అనో ఉంటే ముందుకు చదవండి.

ఎన్విడియా సైట్‌లో దొరికే ‘డాట్ రన్’ ఫైల్ జోలికి పోవద్దు. ఉబుంటు ప్యాకేజీ వ్యవస్థకు అది ఒకటి ఎక్కిందనే తెలియదు. తర్వాత కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడు దానికి సరిపడా మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ భాగం) తయారుకాక, పొద్దున్నే నల్లతెర పలకరిస్తుంది. ఇప్పటికే ఆ దారిన వేసుకుని ఉంటే ‘సుడో ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్’ కొట్టి పూర్తిగా తీసేశాకే మిగతా పని.

మొదలుపెట్టే ముందు టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు) తీసుకోండి. బూట్‌కు వేరే పార్టిషన్ ఉన్నవాళ్లు ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ కొట్టి అందులో ఖాళీ ఎంత ఉందో చూడండి. అది నిండిపోతే కొత్త ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నల్‌కు కావలసిన ఫైల్) రాయలేక ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. డౌన్‌లోడ్ వందల ఎంబీల్లో ఉంటుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసేవాళ్లు డేటా ఎంత మిగిలిందో కూడా చూసుకోవాలి. ఆ తర్వాత:

సుడో ఏపీటీ అప్‌డేట్
సుడో ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్

కొత్త కెర్నల్ వస్తే రీబూట్ చేసి, అందులోకి వచ్చాక:

ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్

వచ్చే జాబితాలో ఒకదాని పక్కన ‘రికమెండెడ్’ అని ఉంటుంది. మామూలుగా అదే వేసుకోవాలి. అంకె పెద్దదైతే మంచి డ్రైవర్ అనుకోవడం పొరపాటు. జీటీఎక్స్ 600, 700 సిరీస్‌లోని కెప్లర్ కార్డులకు 470 సిరీసే ఆఖరిది. పేరు చివర ‘ఓపెన్’ అని ఉన్నవి జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లు, ఆపై వచ్చిన కార్డులకే పనిచేస్తాయి. జీటీఎక్స్ 1060 మీద అది వేస్తే కార్డును గుర్తించనే గుర్తించదు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కు మాత్రం తప్పనిసరిగా ఓపెనే కావాలి. ‘సర్వర్’ అని ఉన్నవి డెస్క్‌టాప్ వాడకానికి కావు. ఎంచుకోవడం అయ్యాక:

సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్

ఫలానా సిరీసే కావాలంటే చివర ‘ఎన్విడియా:550’ లాగా చేర్చాలి. టెర్మినల్ అంటే బెరుకుంటే ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’, మింట్‌లో ‘డ్రైవర్ మేనేజర్’ ఇదే పని చేసిపెడతాయి.

ఎక్కువమంది చిక్కుకునేది సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లో అడ్డుకునే ఏర్పాటు) దగ్గర. అది ఆన్‌లో ఉందో లేదో ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ చెబుతుంది. ఉబుంటు ముందే సంతకం చేసి ఇచ్చే మాడ్యూళ్లు వస్తే గొడవ లేదు. డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తయారుచేసే వ్యవస్థ) ద్వారా మీ మెషీన్‌లోనే మాడ్యూల్ తయారైతే మాత్రం ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది లాగిన్ పాస్‌వర్డ్ కాదు, ఈ ఒక్క పనికే. కాబట్టి గుర్తుండేది పెట్టి కాగితం మీద రాసుకోండి. రీబూట్ కాగానే నీలం తెర వస్తుంది. కొద్ది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అది దాటిపోతుంది. నొక్కాక ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’, పాస్‌వర్డ్, ‘రీబూట్’ ఈ వరసలో వెళ్లాలి. ఆ తెర తప్పిపోతే కెర్నల్ మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు, ‘కీ వాజ్ రిజెక్టెడ్’ అంటుంది. అప్పుడు మాడ్యూల్ మళ్లీ వేయనక్కర్లేదు, ‘సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్’తో ఆ సంతకం తాలూకు కీని మళ్లీ నమోదుకు పెట్టి రీబూట్ చేస్తే నీలం తెర మరోసారి వస్తుంది.

లోపలికి వచ్చాక ‘ఎన్విడియా-ఎస్‌ఎంఐ’ కొట్టండి. కార్డు పేరు, డ్రైవర్ అంకె ఉన్న పట్టిక వస్తే అంతా సరే. ‘వెర్షన్ మిస్‌మ్యాచ్’ అంటే పాత మాడ్యూల్ ఇంకా మెమరీలో ఉంది, రీబూట్ చేస్తే పోతుంది. డ్రైవర్‌తో మాట్లాడలేకపోయానంటే ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడండి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ పేరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని లేకపోతే చాలావరకు ఆ కెర్నల్‌కు తగిన లినక్స్-హెడర్స్ ప్యాకేజీ లేకపోవడమే కారణం.

నల్లతెర దగ్గరే ఆగిపోతే కంగారొద్దు. ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడండి. అక్షరాల తెర వస్తే అక్కడే లాగిన్ కావచ్చు. రాకపోతే ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ (పాత బయాస్ అయితే షిఫ్ట్) నొక్కి గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో బూట్ చేయాలో ఎంచుకునేది) తెప్పించి, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నల్‌తో బూట్ చేయండి. అదీ కాకపోతే రికవరీ మోడ్‌లో రూట్ షెల్ తెరిచి:

ఏపీటీ పర్జ్ '^ఎన్విడియా-.*'

దీంతో ఎన్విడియా ప్యాకేజీలు పోయి నూవో తిరిగి వస్తుంది. వేగం తగ్గినా తెర కనిపిస్తుంది, అక్కడి నుంచి సరైన సిరీస్ ఎంచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

వేలాండ్ (తెర మీద కిటికీలు చూపే కొత్త పద్ధతి)లో కొన్ని కిటికీలు మాత్రమే మిణుకుమిణుకుమంటుంటే 555 గానీ ఆ తర్వాతి డ్రైవర్ గానీ కావాలి. మిణుకును ఆపే ఎక్స్‌ప్లిసిట్ సింక్ అనే సదుపాయం అందులోనే వచ్చింది. పాత కార్డు వల్ల అంత దూరం వెళ్లలేనివాళ్లకు లాగిన్ తెర మీద చక్రం గుర్తు నొక్కితే ‘ఆన్ జార్గ్’ (వేలాండ్‌కు ముందటి పాత పద్ధతి) సెషన్ కనిపిస్తే అదే దారి. డ్రైవర్ మార్చాక కూడా లాగ్‌లో పాత ఎక్స్‌ఐడీ అంకే తిరిగొస్తుంటే, కార్డును ఇంకో మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడా అదే అంకె వస్తే కార్డే పోయి ఉండే అవకాశం ఎక్కువ.