పాత స్నోమొబైల్ ఏ ఏడాదిది, ఇంజిన్ ఎన్ని సీసీలు: సమస్యలు, పరిష్కారాలు

మన దగ్గర బండి కొంటే ఆర్సీలోనే సీసీ, తయారైన నెల, సంవత్సరం అచ్చై ఉంటాయి. అమెరికాలోని మిన్నెసోటాలోనో, మిషిగన్‌లోనో, కెనడాలోని ఒంటారియోలోనో పాత స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, కొనేటప్పుడు కాగితాన్ని అంతగా నమ్మకూడదు. ఏడాది చెప్పేది టనెల్ మీద, అంటే బండిని నడిపే ట్రాక్ పట్టా మీద కప్పుగా ఉండే అల్యూమినియం పెట్టె మీద, కొట్టిన నంబరు. సీసీ చెప్పేది ఇంజిన్ కింది భాగమైన క్రాంక్‌కేస్ మీది నంబరు. ఇంజిన్ మూత అయిన హుడ్ మీది స్టిక్కర్ ఏదీ చెప్పదు, ఎందుకంటే హుడ్‌ను నాలుగు క్లిప్పులు తీసి ఎవరైనా మార్చేయవచ్చు.

సమస్య: అమ్మేవారు 2015 మోడల్ అంటున్నారు, బండి మీది లేబుల్‌లో తయారీ 2014 అని ఉంది

చాలాసార్లు ఇందులో మోసం ఉండదు. రాబోయే చలికాలం కోసం కంపెనీలు వేసవి నుంచే బండ్లు బిగిస్తాయి. 2014 ఆగస్టులో బయటికొచ్చిన బండి 2015 మోడలే. విడిభాగాలకు పనికొచ్చేది మోడల్ సంవత్సరం, తయారీ తేదీ కాదు.

తేల్చుకోవాలంటే 17 అక్షరాల విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, చూడాలి.  చాలా బండ్లలో టనెల్ కుడి పక్కన, ముందు వైపు, కాలు పెట్టే చోటికి దగ్గర్లో నంబరు కొట్టి ఉంటుంది. ఎడమ నుంచి లెక్కపెడితే పదో స్థానం మోడల్ సంవత్సరం. 1 నుంచి 9 దాకా అంకె ఉంటే 2001 నుంచి 2009. తర్వాత ఎ అంటే 2010, బి 2011, సి 2012, డి 2013, ఇ 2014, ఎఫ్ 2015, జి 2016, హెచ్ 2017, జె 2018, కె 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పి 2023, ఆర్ 2024. ఐ, ఓ, క్యూ, యు, జెడ్ ఈ స్థానంలో వాడరు. సున్నా కూడా ఉండదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అరిగిన అచ్చులో 8, బి ఒకేలా కనిపిస్తాయి. 2008 బండి 2011 అయిపోతుంది. 6కు, జికి మధ్య పదేళ్ల తేడా. వై అంటే 2000, ఎక్స్ అంటే 1999 అని కూడా గుర్తుంచుకోండి. నంబరు మసకగా ఉంటే బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు తుడిచి, టార్చి లైటును పక్కనుంచి ఏటవాలుగా వేయండి. అప్పటికీ తెలియకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు లేస్తుంది.

ఈ అక్షరాలు 30 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఎల్ 1990 కావచ్చు, 2020 కావచ్చు. ఆ అనుమానం షాసీ, అంటే బండి చట్రం, తీరుస్తుంది. స్కీ-డూ కంపెనీ బండ్లలో మనిషిని ముందుకు కూర్చోబెట్టే రెవ్ షాసీ 2003లో వచ్చింది, ఎక్స్‌పీ 2008లో, ఎక్స్‌ఎం 2013లో, జెన్4 2017లో. పొలారిస్‌లో ఆక్సిస్ 2015 నుంచి. ఆర్కిటిక్ క్యాట్‌లో ప్రోక్రాస్, ప్రోక్లైంబ్ 2012 నుంచి.

సమస్య: నంబరుకు 17 అక్షరాలు లేవు

బండి ఎక్కువగా 2000కు ముందుదై ఉంటుంది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. పాత పొలారిస్‌లో ఏడంకెల మోడల్ నంబరు విడిగా ఉంటుంది. అది 097తో మొదలైతే 1997, 096 అయితే 1996. పాత స్కీ-డూలో మొదటి నాలుగంకెలు మోడల్ నంబరు. వాటిని ఆ కాలపు పార్ట్స్ పుస్తకంలో వెతకాలి.

సమస్య: కార్ల విన్ చూసే సైటులో వేస్తే ‘దొరకలేదు’ అంటోంది

ఆ సైట్లు రోడ్డు బండ్ల కోసం. నంబరు తప్పు కానక్కర్లేదు. మొదటి మూడు అక్షరాలు చూడండి: 2బీపీ అయితే స్కీ-డూ, ఎస్ఎన్1 పొలారిస్, 4యూఎఫ్ ఆర్కిటిక్ క్యాట్, జేవైఈ యమహా. ఆ కంపెనీ డీలర్ కౌంటర్‌లో పూర్తి నంబరు ఇస్తే అసలు మోడల్ పేరు, ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజిన్ చెబుతారు.

సమస్య: హుడ్ మీద 800 ఉంది, పిస్టన్ కిట్ తెస్తే సరిపోలేదు

ఇంజిన్ మార్చి ఉండాలి, లేదా హుడ్ వేరే బండిది అయి ఉండాలి. విన్ చెప్పేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజిన్ సంగతి. ఇప్పుడు లోపల ఏముందో దానికి తెలియదు. అందుకే స్కీలు, సస్పెన్షన్, ట్రాక్ లాంటివి విన్ ప్రకారం, పిస్టన్లు, గాస్కెట్లు ఇంజిన్ నంబరు ప్రకారం కొనాలి. రెండింటినీ కలిపేస్తే డబ్బు దండగ.

ముందు పైపై గుర్తులు. కూలెంట్ డబ్బా లేకుండా, ఇంజిన్‌ను స్టార్ట్ చేసే రీకాయిల్ తాడు వెనక ఫ్యాన్ ఉంటే అది గాలితో చల్లబడే ఇంజిన్. అలాంటప్పుడు 800 అనే స్టిక్కర్‌ను అక్కడితో పక్కన పెట్టేయవచ్చు. స్పార్క్ ప్లగ్‌లు లెక్కపెడితే సాధారణంగా సిలిండర్లు తెలుస్తాయి. యమహా ఆర్ఎక్స్-1 నాలుగు సిలిండర్ల 998 సీసీ. అదే కంపెనీ నైట్రో మూడు సిలిండర్ల 1049 సీసీ.

తర్వాత క్రాంక్‌కేస్ మీది అచ్చు. స్కీ-డూ బండ్లలో ఉండే రోటాక్స్ ఇంజిన్లలో టైపు సంఖ్య సీసీకి దగ్గరగా ఉంటుంది, సమానంగా కాదు: 503 అంటే 497 సీసీ, 593 అంటే 594. పాత పొలారిస్‌లో ఈసీ50పీఎల్ అంటే లిక్విడ్ కూలింగ్ ఉన్న 488 సీసీ.

అచ్చు కనిపించకపోతే కొలవడమే. ఇంజిన్‌ను ఆపే భద్రతా తాడు టెథర్ లాగేసి, ప్లగ్‌లన్నీ, బెల్టు విప్పండి. ఒక సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి 25 సెంటీమీటర్ల మెత్తటి చెక్క పుల్లను నిటారుగా దించండి. స్క్రూడ్రైవర్ వాడితే పిస్టన్ తలకు గీతలు పడతాయి. పుల్ల లోపలుండగా రీకాయిల్ తాడు లాగకూడదు, విరిగి లోపలే ఉండిపోతుంది. క్రాంక్ మీది క్లచ్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, పిస్టన్ పైకొచ్చినప్పుడు ఒక గీత, కిందికి దిగినప్పుడు ఒక గీత పెట్టండి. ఆ రెండింటి మధ్య దూరమే స్ట్రోక్. ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటే లెక్క తప్పుతుంది.

పొలారిస్ లిబర్టీ 600కు స్ట్రోక్ 64 మి.మీ., 800కు 70. తేడా పుల్లకు అందుతుంది. 70కి కాస్త తక్కువగా వస్తే 700 కూడా కావచ్చు, బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, చూడాల్సిందే. రోటాక్స్ 600 ఈ-టెక్‌కు 73, 800ఆర్ ఈ-టెక్‌కు 75.7. ఇంత తక్కువ తేడాను పుల్లతో తేల్చలేం. వాటి బోర్లు 72, 82 కాబట్టి హెడ్డు తీసి వెర్నియర్ పెడితే సందేహం ఉండదు. హెడ్డు తీయాలంటే కూలెంట్ వంపాలి, కొత్త ఓ-రింగులు వేయాలి. అందుకే ఇది ఆఖరి మార్గం.

లెక్క: బోరు × బోరు × 0.7854 × స్ట్రోక్ × సిలిండర్లు, మొత్తాన్ని 1000తో భాగించాలి. 85, 70, రెండు సిలిండర్లు అయితే 794 సీసీ. ఇనుప స్లీవు ఉన్న పాత ఇంజిన్‌ను బోరింగ్ చేయించి ఉంటే 0.25 లేదా 0.5 మి.మీ. ఎక్కువ రావచ్చు. అప్పుడు ఓవర్‌సైజ్ పిస్టన్లే కొనాలి. పిస్టన్ తల మీద అచ్చు ఉంటే అది కూడా రాసుకోండి.

స్కీ-డూ ఈ-టెక్ అయితే డీలర్ దగ్గరి బడ్స్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎంలో రాసి ఉన్న విన్ చూపిస్తుంది. టనెల్ మీది నంబరుతో అది కలవకపోతే ఈసీఎం వేరే బండిదని అర్థం. ఇంజిన్ కూడా అక్కడిదేనేమో చూసుకోవాలి.

సమస్య: టనెల్ మీది నంబరు గీకేసి ఉంది, లేదా ఆ చోట కొత్త రేకు బిగించి ఉంది

ప్రమాదం తర్వాత టనెల్ మార్చడం మామూలే. నిజంగా మార్చినవారి దగ్గర రసీదు, పాత నంబరు ఉంటాయి. అవి అడగండి, రిజిస్ట్రేషన్ కాగితంతో పోల్చండి. గ్రైండర్ గీతలు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా డబ్బు ఇవ్వకండి. కెనడాలో జాతీయ పోలీసు సమాచార కేంద్రం సైటులో దొంగ బండ్ల నంబర్లు ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అమెరికాలో స్థానిక పోలీసులకు ఫోన్ చేసి నంబరు చెప్పి, జవాబు వచ్చాకే బండి ట్రెయిలర్ ఎక్కించండి.