సగంలో ఆగిన నమోదులను లెక్కకట్టడం ఎలా?

వెబ్‌సైట్‌లో ఖాతా తెరవడానికి వచ్చి మధ్యలోనే వెనుదిరిగినవారిని అందరినీ ఒకే సంఖ్య కింద చూపే నివేదిక వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ఫారం మొదలుపెట్టి పంపకుండా వదిలేసినవారు, పంపినా సర్వర్ తిరస్కరించినవారు, ఖాతా ఏర్పడినా ఈమెయిల్ ధ్రువీకరించనివారు మూడు వేర్వేరు వర్గాలు. వారి జాడలు కూడా వేర్వేరు చోట్ల దొరుకుతాయి.

మూడో వర్గంతో మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే వారి వివరాలు అప్పటికే డేటాబేస్‌లో ఉంటాయి. యూజర్ల టేబుల్‌లో ఖాతా ఏర్పడిన సమయానికి ఒక కాలమ్, ధ్రువీకరణ జరిగిన సమయానికి మరో కాలమ్ ఉంచి, రెండోది ఖాళీగా ఉన్న వరుసలను లెక్కించాలి. అవును, కాదు అని మాత్రమే గుర్తుపెట్టుకునే కాలమ్ కంటే సమయాన్ని నమోదు చేయడం మేలు. ధ్రువీకరణకు ఎంతసేపు పట్టిందో దానివల్లే తెలుస్తుంది. ఈమెయిల్‌లో పంపిన ధ్రువీకరణ లింకు గడువు ముగియకముందే ఆ వ్యక్తిని అసంపూర్ణుల జాబితాలో చేర్చకూడదు. పంపిన ఈమెయిల్ చేరకుండా తిరిగివచ్చిందా అన్నది కూడా నమోదు చేస్తే, లోపం మన వైపు ఉన్నప్పుడు నింద యూజరుపై పడదు.

రెండో వర్గానికి, సర్వర్ తిరస్కరించిన ప్రతిసారీ కారణాన్ని మాత్రమే లాగ్‌లో, అంటే సర్వర్ జరిగినవి రాసుకునే చిట్టాలో, రాయాలి. టైప్ చేసిన విలువను, ముఖ్యంగా పాస్‌వర్డ్‌ను, ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు. ‘ఈ ఈమెయిల్‌తో ఖాతా ఇప్పటికే ఉంది’ అనే కారణాన్ని విడిగా చూడాలి, ఎందుకంటే వీరిలో చాలామంది తమ ఖాతా సంగతి మరచిపోయిన పాత యూజర్లే.

అన్నింటికన్నా చిక్కైనది మొదటి వర్గం, ఎందుకంటే ఇక్కడ ఆధారం బ్రౌజర్‌లోనే ఉంటుంది. సైట్‌కు వచ్చినవారు ఏం చేశారో కొలిచే గూగుల్ అనలిటిక్స్ 4లో ఫారం కొలత ఆన్ చేసి ఉంటే ఫారం మొదలుపెట్టడం, పంపడం అనే రెండు ఈవెంట్లు (యూజరు చర్యల గుర్తులు) వాటంతటవే నమోదవుతాయి. అయితే పంపినట్టు వచ్చిన ఈవెంట్‌ను ఖాతా ఏర్పడినట్టు భావించడం తరచూ జరిగే పొరపాటు. నమోదు పూర్తయిందనే ఈవెంట్‌ను సర్వర్ నుంచి విజయ సమాధానం వచ్చిన తరువాతే పంపాలి. ఎక్కడ ఆగారో తెలియాలంటే చివరిగా తాకిన గడి పేరును గుర్తుంచుకుని, పేజీ కనుమరుగైనప్పుడు సెండ్‌బీకన్ (పేజీ మూసేస్తున్నా చిన్న సమాచారాన్ని సర్వర్‌కు పంపే బ్రౌజర్ సదుపాయం) ద్వారా పంపవచ్చు. ఇందుకు పేజీ మూసినప్పుడు రావాల్సిన అన్‌లోడ్ ఈవెంట్‌ను నమ్ముకోకూడదు. ఫోన్లలో అది తరచూ రానే రాదు. పంపు బటన్ నొక్కకముందే టైప్ చేసిన ఈమెయిల్‌ను సేకరించి గుర్తుచేసే సందేశాలు పంపడం సాంకేతికంగా సాధ్యమే కాని, ఆ వ్యక్తి అనుమతి ఇవ్వలేదు కనుక ఆ పని చేయకపోవడమే సరైనది.

శాతాలు కట్టేటప్పుడు ఈ రోజు పూర్తయినవాటిని ఈ రోజు మొదలైనవాటితో భాగించకూడదు. ఒక రోజు మొదలుపెట్టినవారందరినీ ఒక గుంపుగా తీసుకుని, వారిలో 7 రోజుల్లోగా ఎందరు పూర్తిచేశారో చూడాలి. ఫోన్‌లో మొదలుపెట్టి కంప్యూటర్‌లో ముగించిన వ్యక్తి ఇద్దరిగా కనిపిస్తాడు. బాట్లు, అంటే తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు, ఫారాలు నింపుతాయి. ప్రకటనలను అడ్డుకునే బ్రౌజర్ పొడిగింపులు (ఎక్స్‌టెన్షన్లు) ఈవెంట్లను ఆపేస్తాయి. కనుక బ్రౌజర్ అంకెలను ధోరణి తెలుసుకోవడానికి మాత్రమే వాడి, అసలు లెక్కకు డేటాబేస్‌నే ఆధారం చేసుకోవాలి.

ధ్రువీకరించని ఖాతాలను నిర్ణీత గడువు తరువాత తొలగించడం మంచిదే. కాని తొలగించే ముందు ఆ రోజువారీ సంఖ్యలను వేరే టేబుల్‌లో భద్రపరచాలి, లేకపోతే పాత నెలలన్నింటిలో ప్రతి ఒక్కరూ నమోదు పూర్తిచేసినట్టే కనిపిస్తుంది.