ఇటలీ వెళ్లి ఇటాలియన్ నేర్చుకోవడం ఎలా?

ఇటలీలో మూడు నెలలు ఉండొచ్చినా "చావ్, గ్రాత్సియే" (హలో, థాంక్స్) దాటని వాళ్లు చాలామంది ఉంటారు. తెలివి తక్కువై కాదు. రోజుకు నాలుగు గంటలు క్లాసులో ఇటాలియన్ విని, మిగతా సమయమంతా ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో గడిపేస్తారు. బియ్యం నానాలంటే నీళ్లలో ఉండాలి, గిన్నె పక్కన పెడితే నానవు కదా. భాషలో మునిగి నేర్చుకునే కోర్సులన్నిటికీ కిటుకు ఇదొక్కటే. అందుకే ఊరు, ఇల్లు, వేళలు ఎంచుకునేటప్పుడు ఇంగ్లిష్‌లోకి తప్పించుకునే దారి లేకుండా చూసుకోండి.

ముందు ఎన్నాళ్లో తేల్చుకోండి

90 రోజుల లోపైతే షెంగెన్ (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే) స్వల్పకాలిక వీసా చాలు. అంతకు మించితే 'డి' రకం చదువు వీసా కావాలి. ఈ రెండూ వేరు దారులు. చిన్న వీసా మీద వెళ్లి అక్కడే పొడిగించుకుందాం అనుకోకండి, తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. నా సలహా ఏమిటంటే, సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లు నాలుగు వారాల కోర్సుకు అంత డబ్బు పోయొద్దు. కనీసం మూడు నెలలు పెట్టుకోండి. మొదటి నెల చెవికి అలవాటు కావడానికే సరిపోతుంది.

వెళ్లే ముందు రెండు నెలలు

మొదటి మెట్టు, అంటే ఏ1 స్థాయి, ఇక్కడే ఎక్కేయండి. ఢిల్లీ, ముంబైలలో ఇటలీ ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో ఇటాలియన్ బోధిస్తారు. సొంతంగా చదువుకునేవాళ్లకు మాత్రం గట్టిగా ఒక మాట చెబుతాను: ఇటాలియన్‌ను ఇంగ్లిష్ మీదుగా కాదు, తెలుగు మీదుగా నేర్చుకోండి.

మన భాషకు 'ప్రాచ్య ఇటాలియన్' అని పేరుంది. అజంత భాషలు (మాటలు అచ్చుతో ముగిసేవి) రెండూ అని అంతటితో వదిలేస్తాం గానీ పోలిక ఇంకా లోతుగా ఉంది. ఇటాలియన్ త, ద మనలాగే నాలుకను పళ్లకు ఆనించి పలికేవి. ఇంగ్లిష్ వాళ్లను ఏడిపించే ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. 'కల'కూ 'కల్ల'కూ తేడా తెలిసిన చెవికి 'సేతె' అంటే దాహమనీ, 'సెత్తె' అంటే ఏడనీ, 'పాలా' అంటే పార అనీ, 'పాల్లా' అంటే బంతి అనీ రెండోసారి చెప్పక్కర్లేదు. 'పిజ్జా' అని మనం రాసే మాటను వాళ్లు 'చాప', 'చుక్క' అన్నప్పుడు వచ్చే చ-తో పలుకుతారు.

వాక్యం దగ్గరా ఇంతే. "వచ్చాను" అంటే చాలు, "నేను" అనక్కర్లేదు కదా. అక్కడా క్రియలోనే కర్త తెలిసిపోతుంది. "నాకు కాఫీ ఇష్టం" అన్నది "మి పియాచె ఇల్ కఫ్ఫే" అన్నదానికి మాటకు మాట సరిపోతుంది. 'మి' అంటే 'నాకు'. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గరే వారం రోజులు తడబడతారు. నువ్వు, మీరు ఉన్నట్టే అక్కడ 'తు', 'లేయ్' ఉన్నాయి. దుకాణదారుతోనూ పెద్దవాళ్లతోనూ 'లేయ్'తో మొదలుపెట్టండి, 'తు' అనుకుందామని వాళ్లే అంటారు.

మనకు కష్టమయ్యేది లింగం. బల్ల పుంలింగం, కుర్చీ స్త్రీలింగం. కారణం వెతక్కండి. 'ఇల్ తావొలొ', 'లా సేదియా' అని మాటను దాని ముందున్న ముక్కతో కలిపే బట్టీ పట్టండి.

ఊరు ముందు, బడి తర్వాత

రోమ్, మిలాన్, ఫ్లారెన్స్ నగరాల నడిబొడ్డున మీరు ఇటాలియన్‌లో అడిగితే జవాబు ఇంగ్లిష్‌లో వస్తుంది. యాత్రికులకు అలవాటుపడిన ఊళ్లవి. అందుకని నేను పెరూజా వైపు మొగ్గుతాను. ఉంబ్రియా ప్రాంతంలో కొండ మీది ఊరు అది. విదేశీయులకు ఇటాలియన్ నేర్పడం కోసమే అక్కడ ఒక విశ్వవిద్యాలయం ఉంది, దాని బీజం 1921లో పడింది. క్లాసులు జరిగే పలాత్సో గల్లెంగా భవనం నుంచి బయటికొస్తే ఎదురుగా ఎత్రుస్కన్ల (రోమన్ల కంటే ముందు అక్కడ ఏలినవాళ్ల) కాలం నాటి రాతి ద్వారం కనిపిస్తుంది. సాయంత్రమైతే ఊరు ఊరంతా కోర్సో వన్నూచి వీధిలో నడుస్తుంది. కుర్రాళ్లు ఫౌంటెన్ పక్కన కెథడ్రల్ మెట్ల మీద కూర్చుంటారు. మీ రెండో తరగతి గది అదే.

సియెనాలో కూడా ఇలాంటి విశ్వవిద్యాలయమే ఉంది, చదువు మంచిదే. కాకపోతే అక్కడి టస్కనీ యాసలో అచ్చుల మధ్య క కాస్తా హ అవుతుంది, 'లా కాసా' (ఇల్లు) 'లా హాసా'గా వినిపిస్తుంది. కొత్తలో కంగారుపడొద్దు.

ప్రైవేటు బడి ఎంచుకుంటే మూడు అడగండి: క్లాసులో ఎందరు, వారానికి ఎన్ని గంటలు, చేరేముందు స్థాయి పరీక్ష పెడతారా. మూడోదానికి "అక్కర్లేదు" అంటే ఆ బడి వద్దు.

కాగితాలు

కోర్సులో చేరినట్టు లేఖ, ఫీజు రసీదు, బస వివరం, బ్యాంకు లెక్కలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా దగ్గర పెట్టుకోండి. ఎందుకు ఇటాలియన్ నేర్చుకోవాలనుకుంటున్నారో ఒక పేజీలో సూటిగా రాయండి. ఒపెరా, వంట, ఫ్యాషన్, వాస్తుశిల్పం, పై చదువు, ఏదైనా సరే నిజమైన కారణమే రాయండి.

పెద్ద వీసా మీద వెళ్లినవాళ్లు దిగిన 8 పనిదినాల్లో 'పెర్మెస్సో ది సొజ్జోర్నో' అనే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫారాల కవరు పోస్టాఫీసులో ఇస్తారు. దాని మీదికి 16 యూరోల రెవెన్యూ స్టాంపు కావాలి, అది పొగాకు దుకాణంలో దొరుకుతుంది. పోస్టాఫీసులో ఇచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి, కార్డు చేతికొచ్చేదాకా అదే మీ ఆధారం. చిన్న వీసా మీద ముందు మరో షెంగెన్ దేశంలో దిగి, ఉదాహరణకు హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, వెళ్లేవాళ్లు 8 రోజుల్లో క్వెస్తూరాకు, అంటే పోలీసు కార్యాలయానికి వెళ్లి వచ్చినట్టు తెలపాలి. హోటల్లో దిగితే హోటల్ వాళ్ల నమోదే సరిపోతుంది.

ఇల్లు

సగం చదువు ఇంట్లోనే. మనవాళ్లున్న గది దొరికితే పప్పన్నం దొరుకుతుంది, భాష దొరకదు. ఇటాలియన్ కుటుంబంలోనో, ఇటాలియన్ విద్యార్థులతోనో గది చూసుకోండి. ప్రకటనలో 'స్పేజె ఎస్క్లూజె' అని ఉంటే కరెంటు, గ్యాస్ ఖర్చులు విడిగా అని అర్థం. చలికాలంలో ఆ తేడా గట్టిగా తెలుస్తుంది. గది చూడకుండా అడ్వాన్సు పంపొద్దు. మొదటి వారం హోటల్లో ఉండి, కళ్లతో చూశాకే ఇవ్వండి.

అన్నం గురించి బెంగ వద్దు. ఉంబ్రియాలోనే కాస్తెల్లుచో పప్పు పండుతుంది, చిన్నచిన్న గింజలు, పోపు పెడితే బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడి బ్రెడ్డులో ఉప్పుండదు, మొదటి ముద్దకే ఆశ్చర్యపోతారు. శాకాహారులు "మాంసం వద్దు" అని ఊరుకోకుండా "సేంత్సా కార్నె, సేంత్సా పేషె" అని చేపను కూడా కలిపి చెప్పాలి.

రోజూ చేయాల్సింది

సూపర్ మార్కెట్ మానేయండి. అక్కడ నోరు విప్పకుండానే సరుకులు కొనేయొచ్చు. వీధి చివరి 'అలిమెంతారి' కొట్టుకు వెళ్లండి. జున్ను అడిగితే గ్రాముల్లో కాదు, 'ఎత్తో'ల్లో చెప్పాలి. ఒక ఎత్తో అంటే 100 గ్రాములు. "దూయె ఎత్తి" (రెండు ఎత్తోలు) అంటారు మీరు. కొట్టులో ఆమె పెద్ద జున్ను చక్రం మీద కత్తి ఆనించి, కొయ్యకుండా మీ మొహం చూసి "కొజీ?" అంటుంది, ఇంతేనా అని. "ఉమ్ పో మేనో" (కాస్త తక్కువ) అని మీరంటే కత్తి వేలెడంత ఇవతలికి జరుగుతుంది. కోసి, తూచి, కాగితంలో చుట్టి "ఆల్త్రో?" అంటుంది, ఇంకేమైనా కావాలా అని. "బాస్తా కొజీ, గ్రాత్సియే" అంటారు మీరు, చాలు, థాంక్స్ అని. రెండు నిమిషాల బేరం ఇది. మొదటిరోజు చెమటలు పడతాయి, పదోరోజు ఆమె మీ ఊరు గురించి అడుగుతుంది. క్లాసులో నేర్చుకున్న భూతకాలం ఆ జవాబులో వాడండి.

కాఫీని బార్‌లో (అక్కడ కాఫీ కొట్టును అలాగే అంటారు) నిలబడి తాగండి. రోజూ అదే బార్, అదే వేళ. తెలిసిన మొహమయ్యాకే మాటలు కలుస్తాయి.

ఇంటికి ఫోను రాత్రి ఒక్కసారే, వేళ పెట్టుకుని చేయండి. అమ్మకు ముందే చెప్పి వెళ్లండి. ఎవరైనా ఇంగ్లిష్‌లోకి మారితే "పొస్సియామో పర్లారె ఇన్ ఇతలియానో?" అని అడగండి. ఎవరూ తప్పుపట్టరు, ఇంకాస్త నెమ్మదిగా మాట్లాడతారు కూడా.

పరీక్ష

చివరి నెలలో పరీక్ష పెట్టుకుంటే చదువుకు గడువు ఏర్పడుతుంది. పెరూజా విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష పేరు చేలి, సియెనాది చిల్స్. చేలి 2 అంటే బీ1 స్థాయి (ఏ1కు రెండు మెట్లు పైన), చేలి 3 అంటే ఆ పైమెట్టు బీ2. చిల్స్‌లో ఆ స్థాయిలనే ఊనో (ఒకటి), దూయె (రెండు) అంటారు. ఈ పరీక్షలు ఏడాదిలో కొన్ని తేదీల్లోనే జరుగుతాయి. అందుకని విమానం టికెట్టు కొనకముందే ఆ తేదీలు చూసుకుని, తిరుగు ప్రయాణం ఆ తర్వాతి వారానికి పెట్టుకోండి.