బ్యాచ్ సంఖ్య చూసి ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం (అంటే నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడపడం) ఎలా?

విజయనగరంలో ప్రాసెసర్ కొనేటప్పుడు, డబ్బు చెల్లించకముందే పెట్టె లేబుల్ మీది బ్యాచ్ సంఖ్యను చదవండి. ఇంటెల్ సంఖ్యలో మొదటి అక్షరం చిప్‌ను కూర్చిన కర్మాగారాన్ని, తరువాతి అంకె సంవత్సరాన్ని, ఆపై రెండంకెలు వారాన్ని తెలుపుతాయి.

తయారీ పద్ధతి కుదురుకునేకొద్దీ లోపాలు తగ్గుతాయి కనుక, తరువాతి వారాల చిప్‌లు తక్కువ వోల్టేజీతోనే ఎక్కువ వేగాన్ని అందుకునే అవకాశం ఉంటుంది. అయితే చిప్‌లను కోసి తీసే ఒకే సిలికాన్ పలక మీద మధ్యలోని చిప్‌కూ అంచులోని చిప్‌కూ తేడా రావచ్చు కాబట్టి ఆ సంఖ్యను నేను హామీగా ఎన్నడూ తీసుకోను.

పరీక్షే ముఖ్యం. వోల్టేజీని స్థిరంగా ఉంచి, వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ గంటసేపు పూర్తి భారంతో నడిపి ఉష్ణోగ్రతను రాసుకోండి. జనవరి చలిలో నిలిచిన వేగాన్ని మే నెల ఉక్కపోతలో తప్పక మళ్లీ పరీక్షించండి.