గట్టి వెదురుతో విల్లు చేసుకునే పద్ధతి

వెదురు విల్లు విరిగితే చాలావరకు కణుపు దగ్గరే విరుగుతుంది. నేను చేసిన మొదటి విల్లు అలాగే పోయింది. మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఎండాకాలంలో భారతం ఆడేటప్పుడు, అర్జునుడి వేషగాడు అట్టముక్కల విల్లు పట్టుకుని తపస్సు మాను, అంటే తపస్సు ఘట్టానికి నిలిపే ఎత్తైన కంబం, ఎక్కడం చూసి, నిజంగా వంగే విల్లు ఒకటి చేసివ్వాలని పూనుకున్నాను. నున్నగా కనబడితే బాగుంటుందని పైకి పొడుచుకొచ్చిన కణుపులన్నిటినీ ఆకురాయితో అరగదీశాను. వింటినారి ఎక్కించి మూడోసారి లాగేసరికి పై సగం రెండో కణుపు దగ్గర పటుక్కుమని చీలిపోయింది. చంద్రగిరి వైపు బుట్టలల్లే ఒక మేదరి పెద్దాయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, చీలికలో లేచి నిలబడిన నారపోగులను గోటితో విడదీసి చూపించారు. "తోలు ఒలిచినాక ఎద్దు పనికొస్తుందా నాయనా" అన్నారు. వెదురు బలమంతా పైచర్మం కిందనే దట్టంగా పేరుకుని ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ నార పలచబడి మెత్తని భాగం ఎక్కువవుతుంది. అందుకే పైచర్మం వైపు మచ్చుకత్తి గాని ఆకురాయి గాని తగలనివ్వకుండా, చెక్కవలసినదంతా బోలువైపు నుంచే చెక్కాలి. కణుపుల మీద గరుకుదనం పోయేటంత వరకు ఉప్పు కాగితంతో రుద్దితే చాలు.

వెదురులో అన్ని రకాలూ విల్లుకు పనికిరావు. లోపల బోలు తక్కువగా ఉండి, లాఠీలకు వాడే గట్టి వెదురు కావాలి. మొదలు వైపు గోడ మందం ఒకటిన్నర సెంటీమీటరుకు తగ్గకుండా చూసుకోవాలి. శేషాచలం కొండల్లో వెదురు ఎంత కనబడినా, అక్కడి నుంచి ఒక్క కర్ర కూడా తేకూడదు. ఆ అడవిలో జాతీయ ఉద్యానం ఉంది, 2010 నుంచి ఆ కొండలు జీవావరణ రిజర్వుగా కూడా ఉన్నాయి. రైతులు గట్ల మీద పెంచుకున్న పొదల నుంచి కొనుక్కోవడమే సరైన దారి. అడవి బయట పెరిగే వెదురును భారత అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి 2017లోనే తొలగించారు. మూడేళ్లు దాటిన గడను, అంటే పొరలు రాలిపోయి, తట్టితే ఖంగుమని పలికే గడను ఎంచుకోవాలి. మన తిరుపతి ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా ఉంటాయి కనుక, ఆ తడి ఆరిన తరువాత జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొట్టడం మంచిది.

పచ్చిగా ఉన్నప్పుడే గడను నిలువుగా నాలుగు బద్దలుగా చీల్చి, పది పదిహేను రోజులు నీటి తొట్టిలో నానబెడితే అందులోని పిండిపదార్థం చాలావరకు కొట్టుకుపోయి పుప్పి పట్టడం తగ్గుతుంది. తరువాత రెండు మూడు నెలలు గాలి తగిలే నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైన ఆరి లోపల ఆరక బద్ద పగులుతుంది. వారానికోసారి తూకం వేసి, బరువు తగ్గడం ఆగిపోయిందని తేలిన తరువాతే పనిలోకి దిగాలి. ఆరినదని చెప్పి అమ్మిన వెదురును నమ్మి నేను ఒకసారి నష్టపోయాను. ఆ విల్లు వంగిన తరువాత తిరిగి నిలువుగా రాలేదు.

కొలతలు కష్టమేమీ కాదు. విల్లు పొడవు ఇంచుమించు మనిషి ఎత్తంత ఉండాలి. దారం బిగించి బద్దకు నడిమి గీత గీసుకుని, మధ్యలో నాలుగంగుళాలు పిడికి వదిలి, అక్కడ నాలుగు సెంటీమీటర్ల వెడల్పుతో మొదలుపెట్టి రెండు కొసలకూ ఒకటిన్నర సెంటీమీటరుకు సన్నం చేయాలి. పక్కలను చెక్కేటప్పుడు కత్తి కంటె చిత్రిక మేలు, ఎందుకంటే కత్తి నార వెంట పరుగెత్తి అనుకున్నదానికంటె ఎక్కువ చీల్చేస్తుంది. కొసల్లో నారి తగులుకునే గాట్లను, అంటే వింటికొప్పులను, పక్కలనుంచి గుండ్రని ఆకురాయితో ఏటవాలుగా తీయాలి. ఇక్కడ కూడా పైచర్మానికి అడ్డంగా గాటు పడకూడదు.

ఇక అసలు పని రెండు సగాలూ సమానంగా వంగేటట్టు చేయడం. పదిరోజుల్లో విల్లు ఎవరైనా చెక్కగలరు గాని, ఈ ఒంపు సరిచూసే ఓపిక దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. నేను మా పెరటి బావి గిలకను దీనికి వాడుకుంటాను. పిడిని దూలానికి కదలకుండా కట్టి, నారి స్థానంలో పొడుగు తాడు వదులుగా తగిలించి, దాన్ని గిలక మీదుగా కిందికి తెచ్చి, కొసన కొక్కెం త్రాసు పెట్టి లాగుతాను. అయిదారు అడుగుల దూరంలో నిలబడి లాగితే విల్లు మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది, ఎంత బరువుకు ఎంత వంగుతున్నదో త్రాసు చెబుతుంది. ఏ భాగం వంగకుండా బిర్రుగా నిలిచి ఉందో అక్కడ బోలువైపు బొగ్గుతో గుర్తు పెట్టి, ఆ గుర్తు వరకే పలచగా గీరాలి. ఎక్కువ వంగుతున్న చోటును ముట్టకూడదు. అక్కడ తీసిన చెక్కను తిరిగి పెట్టలేము. ప్రతిసారీ గీరిన తరువాత ముప్పై నలభై సార్లు మెల్లగా లాగి వదిలితేనే ఆ మార్పు ఒంపులో కనబడుతుంది, కాబట్టి చూడకుండా వెంటనే మళ్లీ గీరడం ప్రమాదం. కొత్తవాళ్లకు పది, పదకొండు కిలోల లాగుడు సరిపోతుంది. పని నడుస్తున్నంతసేపూ ఆ బరువు దాటి ఒక్కసారి కూడా లాగకూడదు. చేతికొచ్చిన ఒంపు పూర్ణచంద్రుడి అంచులా ఏ చోటా మూల తిరగకుండా కనబడిన రోజు కలిగే తృప్తి కోసమే నేను ఈ పనిలో ఉన్నాను.

గీరడానికి గాజుపెంకు కంటె రాతిపెచ్చు నాకు ఇష్టం. రేణిగుంట దగ్గర రాళ్లకాలువ పరీవాహకంలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఎగువ పాతరాతియుగపు, అంటే పాతరాతియుగం చివరి దశకు చెందిన, పనిముట్లను గుర్తించారు. మన నేల మీద వేల ఏళ్ల కిందట మనుషులు పెచ్చులు లేపి పనిచేసుకున్నారన్న ఎరుకతో బద్ద గీరుతుంటే పని వేరుగా ఉంటుంది. ఒక గుండ్రని గట్టి రాయితో, సన్నని రేణువులున్న మరో గులకరాయి అంచు మీద, లంబకోణం కంటె తక్కువ కోణమున్న చోట, లోపలికి పోయేటట్టు ఒక్క దెబ్బ కొడితే పలచని పెచ్చు లేస్తుంది. ఆ అంచు కొత్త బ్లేడులాగా తెగుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని, తొడ మీద మందపాటి తోలు పరుచుకుని, ఆ ధూళి ఊపిరితిత్తులకు చెడు చేస్తుంది గనుక ఆరుబయట, ధూళి మన వైపు రాకుండా గాలి వాలు చూసుకుని కూర్చుని కొట్టాలి. పాత పనిముట్టులా కనిపించే రాయి ఏదైనా దొరికితే ఉన్నచోటనే వదిలేయాలి. అక్కడినుంచి కదిపితే అది చెప్పగలిగిన చరిత్ర పోతుంది.

నారికి చాగనార శ్రేష్ఠం. సంస్కృతంలో మూర్వ అని చెప్పే మొక్కల్లో ఇదొకటి. అల్లెతాడుకు మౌర్వి అన్న పేరు దాని నుంచే వచ్చింది. కత్తిలాంటి ఆకులను పలక మీద పరచి మొద్దుకత్తితో గుజ్జు గీకేస్తే తెల్లని పొడుగు నార మిగులుతుంది. అది దొరకనివారు జనపనార వాడవచ్చు. తొడ మీద ఒక్కో పాయను ఒక దిక్కుకు పురిపెట్టి, మూడు పాయలనూ ఎదురుదిక్కుకు కలిపి పేని, తేనెమైనం రుద్దాలి. ఒక కొసన ఉచ్చు, రెండో కొసన సర్దుకునే ముడి ఉండాలి. నారి విల్లు లాగుడుకు కనీసం నాలుగింతలు బరువు మోయగలగాలి; నేను యాభై కిలోల సిమెంటు బస్తాను రాత్రంతా వేలాడదీసి, తెగకపోతేనే విల్లుకు ఎక్కిస్తాను. ఎక్కించినప్పుడు పిడికీ నారికీ నడుమ పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెట్టినంత ఎడం ఉంటే చాలు.

బాణాలకు వెదురు బద్దలను ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రని పుల్లలుగా చిత్రిక పట్టి, నిప్పుసెగ మీద వంకర తీయాలి. అన్నిటినీ రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి ఒకే బరువు వేలాడదీసి, సమానంగా వంగినవాటినే ఒక జట్టుగా ఉంచాలి. లేకపోతే ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ పోతాయి. పింజెకు, అంటే బాణం వెనక కొసన కట్టే ఈకలకు, కోడి రెక్క ఈకలు మూడు చాలు, మూడూ ఒకే పక్క రెక్కవై ఉండాలి. ములికి, అంటే వాడి మొన, అవసరం లేదు. వన్యప్రాణుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, మనకు కావలసింది గురి మాత్రమే. కొసను నిప్పులో కాల్చి మొద్దుగా రుద్ది, వరిగడ్డి గట్టిగా కుక్కిన గోనెసంచిని గోడకు ఆనించి కొట్టాలి. మొదటి ఇరవై బాణాలూ పది అడుగుల దూరం నుంచి సగం లాగుడుతోనే వేసి, ప్రతి అయిదింటికీ ఒకసారి విల్లు మీద గుడ్డ పామి చూడాలి. ఎక్కడైనా పోగు తగులుకుంటే అక్కడ నార లేస్తున్నట్టే, వెంటనే నారి దించేయాలి. బాణం లేకుండా నారి లాగి వదిలితే ఆ విసురంతా విల్లు మీదే పడుతుంది కాబట్టి పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. వాడనప్పుడు నారి దించి, అవిసె నూనె పట్టించి, వంటింటి పొగా మేడమీది ఎండా తగలని చోట అడ్డంగా రెండు మేకుల మీద ఉంచాలి.