తొలకరికి ముందే విత్తనం మొలక చూసుకోండి

రోహిణి కార్తెలో పొలం పని పెద్దగా ఉండదు కదా, ఇంట్లో దాచిన విత్తన వడ్ల మొలక ఇప్పుడే చూసుకోండి. బస్తా పైనుంచే కాదు, మధ్యలోంచి, అడుగు నుంచి కూడా గింజలు తీయాలి. మంచివి ఏరకుండా చేతికొచ్చినవే 100 లెక్కపెట్టండి. రాత్రంతా నానబెట్టి, తడి గోనెసంచి ముక్క మీద పరిచి, చాపలా చుట్టి నీడలో పెట్టండి. ఆరిపోకుండా పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరిస్తే చాలు.

వారం తర్వాత విప్పి చూడండి. 80కి పైగా మొలిస్తే బెంగ లేదు. 60, 70 దగ్గర ఆగితే నారుమడికి విత్తనం కాస్త ఎక్కువ వేసుకోవాలి. సగం కూడా రాకపోతే మాత్రం ఆ బస్తా మీద ఆశ వదులుకోవడమే మేలు. వేరే విత్తనం వెతుక్కోవడానికి ఇంకా టైముంటుంది, వానలు పడ్డాక షాపు ముందు క్యూలో నిలబడే టెన్షన్ తప్పుతుంది.

అన్నట్టు, దాళ్వాలో (రబీ వరి పంటలో) కోసిన కొత్త వడ్లయితే తొందరపడి పక్కన పెట్టేయకండి. కొన్ని రకాలకు కోత తర్వాత కొన్ని వారాలు నిద్రావస్థ ఉంటుంది, మంచి గింజ కూడా మొలవదు. కొన్నాళ్లాగి మళ్లీ చూడండి.

వేరుశనగకూ ఇదే పద్ధతి, 70 మొలిచినా సరిపోతుంది. కాకపోతే రాత్రంతా నానబెట్టొద్దు, పప్పులను నేరుగా తడి గోనెలో చుట్టేయండి.