అమ్మానాన్నలతో చలికాలం లెటర్‌బాక్సింగ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

చలికాలంలో అమెరికా వచ్చిన అమ్మనో బాబాయినో టీవీ ముందు కూర్చోబెట్టకుండా ఒకసారి లెటర్‌బాక్సింగ్‌కి తీసుకెళ్లండి. ఎవరో అడవిలో దాచిన చిన్న డబ్బాని క్లూలు చదువుకుంటూ వెతకాలి, అందులో ఉన్న రబ్బరు స్టాంపు మన పుస్తకంలో వేసుకోవాలి, మన స్టాంపు డబ్బాలో ఉన్న వాళ్ల పుస్తకంలో వేసి డబ్బాని ఉన్నచోటే మళ్లీ దాచేయాలి. మేం వెళ్లే కనెక్టికట్‌లో స్టేట్ ఫారెస్టుల్లో ప్రభుత్వం పెట్టించిన డబ్బాలే ఉన్నాయి.

"డబ్బా కోసం ఇంత చలిలోనా?"

మీరు ముందే ఏమీ చెప్పలేదు కాబట్టి వచ్చే ప్రశ్న ఇది. దారిలో కారులోనే కథ చెప్పండి: 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో జేమ్స్ పెరట్ అనే గైడు, క్రాన్‌మియర్ పూల్ అనే చోటి దాకా నడిచి వచ్చినవాళ్లు తమ విజిటింగ్ కార్డులు వేసి వెళ్లడానికి ఒక సీసా పెట్టాడు, ఇదంతా అక్కడ మొదలైంది. కథ తెలిస్తే పెద్దవాళ్లు మనకంటే ముందు నడుస్తారు.

క్లూలో చెప్పిన రాయి కనబడదు

ఆ క్లూ ఎండాకాలంలో రాసింది, ఇప్పుడు రాయి మంచు కింద ఉంది. పాత రాతిగోడ, వంతెన, పెద్ద బండ లాంటి గుర్తులున్న క్లూలే ఎంచుకోండి, ఈమధ్య ఎవరైనా కనుక్కున్నారో లేదో కూడా చూసుకోండి. డబ్బా నేలకి గడ్డకట్టి అతుక్కుని ఉంటే పుల్లతో పెకలించకండి, చలికి ప్లాస్టిక్ పెళుసుబారి మూత పగిలిపోతుంది, ఇంకోరోజు రండి.

క్లూలో చెప్పిన అడుగుల లెక్క కూడా కుదరదు. మంచులో అడుగు చిన్నదవుతుంది, పైగా కొందరు రాసేవాళ్లు రెండడుగుల్ని ఒకటిగా లెక్కేస్తారు. దిక్సూచి తేడాగా చూపిస్తే ఫోన్ సెట్టింగ్ చూడండి: అది అసలు ఉత్తరం చూపిస్తూ ఉండొచ్చు, క్లూ మాత్రం అయస్కాంత ఉత్తరాన్ని బట్టి రాసి ఉంటుంది. కనెక్టికట్‌లో రెండింటికీ మధ్య పది డిగ్రీలకు పైనే తేడా.

స్టాంపు సగమే పడుతుంది

అంత కష్టపడి వెతికాక ఇలా జరిగితే నిజంగా ఉసూరుమంటుంది. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది, ఇంకు ప్యాడు మొండికేస్తుంది. ప్యాడుని బ్యాగులో కాకుండా స్వెట్టర్ లోపలి జేబులో పెట్టుకోండి, స్టాంపుని కాసేపు అరచేతిలో పట్టుకుని వెచ్చబెట్టండి. తర్వాత స్టాంపుని తిరగేసి పట్టుకుని ప్యాడుతో దానిమీద మెల్లగా తట్టండి, అప్పుడు మూలమూలకీ ఇంకు అంటుతుంది. స్కెచ్‌పెన్నులతో రంగులేస్తే నొక్కేముందు దానిమీద నోటితో 'హా' అని వెచ్చగా ఊదండి, ఆరిపోయిన రంగు మళ్లీ తడిసి గీత గీతా పడుతుంది. పుస్తకం కింద గట్టి అట్ట పెట్టుకోవాలి, లేకపోతే మోకాలి మీద సరిగ్గా పడదు.

పావుగంటకే "ఇక పోదాం పద"

ఆసక్తి లేదని అనుకోకండి, ముందు సాక్సులు చూడండి. కాటన్ సాక్సులు ఒకసారి తడిస్తే ఇక ఆరవు, ఊలువి కావాలి. ఐసు ఉన్న దారికి బూట్లకి తగిలించే ముళ్ల పట్టీలు తప్పనిసరి, పెద్దవాళ్లు జారిపడితే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మొదటిసారికి అరమైలు దారి చాలు, ఫ్లాస్కులో అల్లం టీ ఉండాలి. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి. వేట సీజన్ అయితే అందరికీ నారింజ రంగు జాకెట్టు.

వచ్చారు కానీ పక్కన నిలబడి చూస్తున్నారు

కారణం మీరే. క్లూ, వెతకడం, స్టాంపు అన్నీ మీరే చేసేస్తుంటే వాళ్లకి పనేముంది? ముందురోజు రాత్రి పెద్ద రబ్బరు, చెక్కే చిన్న కత్తి ఇచ్చి వాళ్ల సొంత స్టాంపు చెక్కమనండి. పేరు చెక్కాలంటే అక్షరాలు అద్దంలోలా తిరగేసి గీయాలి, ముగ్గుకి ఆ బాధ లేదు, ఎటు తిప్పినా ముగ్గే. చుక్కలు పెట్టి మెలిక ముగ్గు గీసే అమ్మ చేతికి ఇది పది నిమిషాల పని. అడవిలో ఎవరో తెలియనివాళ్ల పుస్తకంలో తన ముగ్గు పడినప్పుడు ఆవిడ ముఖం చూడండి.

వచ్చేముందు ఒక్కటి: మంచులో మన అడుగులు నేరుగా డబ్బా దగ్గరికే దారి చూపిస్తాయి. ఆకులు, రాయి ఎలా ఉన్నాయో అలాగే కప్పి, చుట్టుపక్కల చెట్ల దగ్గరికి కూడా అటూ ఇటూ తిరిగి రండి.